స్లైడు కదిపి చూడు తమ్మీ

కొత్త బండ్లలోంచి కార్బురేటర్ దాదాపుగా వెళ్లిపోయింది. తక్కువ డబ్బుతో రేసు బండి కట్టాలనుకునే కుర్రాళ్లకు ఇక పాతదే దిక్కు. మంచిది ఎక్కడ దొరుకుతుంది? చేతిలోకి తీసుకున్నాక దాన్ని మంచిదని ఎలా పోల్చుకోవాలి?

హైదరాబాద్ అశోక్ నగర్ గల్లీల్లో హాస్టళ్ల ముందు వరసగా నిలిపి ఉండే బండ్లు చాలామటుకు ఊళ్ల నుంచి వచ్చినవే. గ్రూప్స్‌కు చదువుకునే అబ్బాయి నల్గొండ నుంచి తెచ్చుకున్న నాన్న స్ప్లెండర్, అన్నకు ఉద్యోగమొచ్చి కారు కొన్నాక తమ్ముడికి దక్కిన పల్సర్, మేనమామ సగం ధరకు ఇచ్చిన ప్యాషన్. పరీక్ష పాసైతే బండి అమ్మేస్తారు, కాకపోయినా కొన్నాళ్లకు అమ్మేస్తారు. అలా చేతులు మారి మారి, కాగితాల గడువు తీరి, చివరికి తుక్కు కొట్టుకు చేరుతుంది. అక్కడ ఇంజిన్లు ఒక కుప్పలో, చక్రాలు ఇంకో కుప్పలో పడతాయి. ఎయిర్ ఫిల్టర్‌కూ సిలిండర్‌కూ మధ్య ఉండే పిడికిలంత లోహపు బుడ్డిని మాత్రం తీసి విడిగా ఓ డబ్బాలో వేస్తారు. ఆ డబ్బా గురించే ఈ కథనం.

2020 ఏప్రిల్ 1న దేశమంతా బీఎస్-6 నిబంధనలు అమల్లోకి వచ్చాయి. పొగ గొట్టం నుంచి వెలువడే విషవాయువులు ఆ హద్దు దాటకూడదంటే పెట్రోలును కొలిచి కొలిచి చల్లాలి. దాంతో వంద సీసీ బండికి కూడా ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చేసింది. అమెరికాలో నాస్కార్ అగ్రశ్రేణి రేసులు 2011 సీజన్ దాకా కార్బురేటర్లతోనే నడిచాయి, 2012లో వాళ్లూ వదిలేశారు. గాలి బాగుపడుతుంటే ఎవరికీ పేచీ ఉండక్కర్లేదు. హుస్సేన్ సాగర్ ఒడ్డున 2023 ఫిబ్రవరి 11న ఫార్ములా-ఈ కార్లు పరిగెత్తినప్పుడు, చిక్కడపల్లి నుంచి బండి మీద పది నిమిషాల దూరంలో, పెట్రోలు చుక్క లేకుండా ఎంత వేగం సాధ్యమో హైదరాబాద్ కళ్లారా చూసింది కూడా.

కానీ ఆ కార్లు చూసి ఒళ్లు పులకరించిన ఇంజినీరింగ్ కుర్రాడు మర్నాడు పొద్దున ఏం చేయాలి? నలుగురు స్నేహితులు పాకెట్ మనీ కూడేసి గో-కార్ట్ కట్టాలనుకుంటే మొదలెక్కడ? అక్కడ మాత్రం ఈ పాత వస్తువుకు సాటి లేదు. ఇంజెక్షన్ ఇంజిన్‌ను రేసుకు మలచాలంటే పంపు, సెన్సార్లు, ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ (ఈసీయూ), దాని మ్యాపు మార్చే సాఫ్ట్‌వేరు, మార్చడం తెలిసిన మనిషి అన్నీ కావాలి, అన్నీ ఖర్చే. కార్బురేటర్‌కైతే చిటికెన వేలి గోరంత ఇత్తడి జెట్టు మారిస్తే సరిపోతుంది. ట్రాక్ పక్కన నేల మీద కూర్చుని స్క్రూడ్రైవరుతో చేసుకునే పని. డబ్బు తక్కువున్న పిల్లలకు రేసింగ్‌లోకి దారి ఇంకొన్నేళ్ల పాటు దీని మీదుగానే పోతుందని నా గట్టి నమ్మకం.

మన దేశంలో ఆ దారి వేసిన మనిషి కూడా తెలుగు మూలాలున్నవాడే. కోయంబత్తూరు లక్ష్మీ మిల్స్ నాయుళ్ల కుటుంబంలో పుట్టిన ఎస్. కరివర్ధన్‌కు రేసులంటే ప్రాణం. విదేశీ రేసు కారు తెప్పించుకోగల స్తోమత ఉన్నా ఆయన ఆలోచన వేరే వైపు సాగింది. వీధిలో ప్రతి మెకానిక్‌కూ తెలిసిన మారుతీ 800 ఇంజిన్‌నే తీసుకుని 1988లో ఒంటి సీటు రేసు కారు తయారుచేశాడు. అదే ఫార్ములా మారుతీ. 796 సీసీ, మూడు సిలిండర్లు, ఆనాటి మారుతీకి ఉన్న కార్బురేటరే. పార్టులు ఊళ్లోనే దొరికేవి, బాగుచేసేవాళ్లూ ఊళ్లోనే ఉండేవాళ్లు. ఓ తరం భారతీయ డ్రైవర్లు ఆ కారులోనే ఓనమాలు దిద్దుకున్నారు. 2005లో ఫార్ములా వన్ బరిలో దిగిన మొదటి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్ కూడా తొలినాళ్లలో ఫార్ములా మారుతీ నడిపినవాడే. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. కోయంబత్తూరు శివార్లలో 2003లో తెరిచిన కారి మోటార్ స్పీడ్‌వేకు ఆయన పేరే పెట్టారు. అందరికీ దొరికే ఇంజిను, అందరికీ తెలిసిన కార్బురేటర్ అనే ఆయన సూత్రం ఈ రోజు కార్ట్ కట్టే కుర్రాడికీ అక్షరాలా వర్తిస్తుంది.

డబ్బా ఉన్న షెడ్డు

వెతుకులాట ఇంటి దగ్గర్నుంచే మొదలుపెట్టాలి. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు వదిలి లోపలికి తిరిగితే, నారాయణగూడ ఫ్లైఓవర్ దిగి పక్క సందుల్లోకి పోతే, షట్టరు సగం ఎత్తిన మెకానిక్ షెడ్లు ఇంకా కనిపిస్తాయి. పాత షెడ్డయితే బెంచీ కింద ఓ డబ్బా తప్పకుండా ఉంటుంది. ఇంజిను సీజైన బండిదో, యజమాని కొత్తది వేయించుకున్నప్పుడు మిగిలిందో, కార్బురేటర్లు అందులో కిరోసిన్ వాసనతో పడి ఉంటాయి. వీటికున్న విలువేమిటంటే, అవి ఏ బండివో ఉస్తాద్‌కు గుర్తుంటుంది. "బండి యాక్సిడెంటయింది గానీ దీనికేం కాలే, నేనే రెండుసార్లు సర్వీసింగ్ చేసిన" అని ఆయన అన్నాడంటే, ఏ సంత బేరంలోనూ దొరకని సమాచారం చేతికొచ్చినట్టే.

ఇక్కడ దొరక్కపోతే కోఠి దగ్గరి పుత్లీబౌలి, సికింద్రాబాద్ రాణిగంజ్. రిపేరు కిట్లు, జెట్లు, గాస్కెట్లు, మానిఫోల్డ్ రబ్బర్లు కొత్తవి కావాలన్నా అటే వెళ్లాలి. గురువారం జుమేరాత్ బజార్, ఆదివారం ఎర్రగడ్డ సంత. నేల మీద గోనె పరిచి అమ్మే ఆ చోట్ల అదృష్టం బాగుంటే మేలైన సరుకే చవగ్గా పడుతుంది, కాకపోతే దాని పుట్టుపూర్వోత్తరాలు ఎవరూ చెప్పరు. కార్ల కార్బురేటర్ కావాలంటే వనస్థలిపురం వైపు ఆటోనగర్‌కు పోవాలి. విజయవాడలో చుట్టాలున్నవాళ్లు అక్కడి జవహర్ ఆటోనగర్‌లో ఓ పూట తిరిగి రావడం మంచిది. పాత మారుతీ 800, ఓమ్నీల సామాను అడగ్గానే తీసిచ్చే కొట్లు అక్కడ ఉన్నాయి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. కార్బురేటర్ మీద ఇంజిన్ నంబరో ఛాసిస్ నంబరో ఉండదు. అందుకే రాత్రి పార్క్ చేసిన బండ్ల నుంచి ఊడదీసిన సరుకు కూడా ఇలాంటి చోట్లకు చేరే వీలుంది. ఎక్కడిదని అడిగితే దాటేసేవాడి దగ్గర, మరీ చవగ్గా ఇస్తానన్నవాడి దగ్గర కొనకండి. చీటీ రాసిచ్చే కొట్టుకు కాస్త ఎక్కువిచ్చినా నష్టం లేదు. మన సరదా కోసం హాస్టల్ ముందు ఇంకో కుర్రాడి బండి ఆగిపోకూడదు.

ఏ బండిది అడగాలన్నది తర్వాతి ప్రశ్న. 1999లో వచ్చిన మొదటి తరం హీరో హోండా సీబీజీలో యాక్సిలరేటర్ పంపు ఉన్న కేహిన్ కార్బురేటర్ ఉండేది. రేస్ ఇవ్వగానే అదనంగా కాస్త పెట్రోలు చిమ్ముతుంది, మలుపు దాటి ఒక్కసారిగా ఊపందుకోవాల్సిన కార్ట్‌కు భేషైనది. చెక్కుచెదరనిది దొరకడమే కష్టం. 2003 నాటి కరిజ్మాది వాక్యూమ్ రకం. పల్సర్ 220ది చిత్రమైన కథ. 2007లో ఇంజెక్షన్‌తో వచ్చి, 2009లో మళ్లీ కార్బురేటర్‌కు మారింది. కాబట్టి పల్సర్ 220 అనగానే డబ్బులు తీయకుండా ఏ ఏడాది బండిదో అడగాలి. పల్సర్లు, అపాచీలు, బుల్లెట్ల మీద మికుని పరిజ్ఞానంతో చెన్నై యూకాల్ చేసినవి ఎక్కువ. వీటికి జెట్లు, కిట్లు ఏ కొట్లో అడిగినా ఇస్తారు, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను మొదట చెప్పేది వీటి పేరే. 1985 నుంచి 1996 దాకా వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100 సామాను జోలికి మాత్రం పోవద్దంటాను. దాని మీద మోజుతో పాత బండ్లను ముస్తాబు చేసుకునేవాళ్లు ధరలు ఎక్కడికో తీసుకుపోయారు.

చేతిలోకి తీసుకున్నాక

పాత కార్బురేటర్ దగ్గర డబ్బు ఆదా అయ్యేది బేరమాడినప్పుడు కాదు, పరీక్షించినప్పుడు. వందల్లో ధర పలికే వస్తువు వేలల్లో ఇంజిన్‌ను కాల్చేయగలదు. ఒక్కో పరీక్షనూ తొందరపడకుండా చేయాలి.

మొదట స్లైడు, అంటే రేస్ ఇచ్చినప్పుడు పైకి లేచి గాలి దారి తెరిచే ముక్క. పై మూత విప్పి స్లైడును దాని గాడిలో దించి, వేలితో అటూ ఇటూ కదపండి. పైకీ కిందికీ నున్నగా జారాలి, పక్కలకు మాత్రం టకటకలాడకూడదు. ఇంజిన్ పీల్పుకు ఏళ్ల తరబడి అటువైపు ఒరుసుకుని అరిగిపోతుంది గనక, బయటికి తీసి ఇంజిన్ వైపు ముఖాన్ని వెలుతురులో చూడాలి. మెరిసే పూత పోయి లోపలి లోహం చారలు చారలుగా బయటపడిందంటే ఆ సందుల్లోంచి దొంగగాలి లోపలికి పోతోందని అర్థం. అలాంటిదానికి ఐడిలింగ్ ఎన్నిసార్లు సరిచేసినా నిలవదు. "ఎయిర్ స్క్రూ ఎంత తిప్పినా సెట్ కాదు తమ్మీ, రోగం స్లైడుల ఉంటే స్క్రూ ఏం జేస్తది?" అని ఉస్తాద్‌లు చెప్పేది దీని గురించే.

వాక్యూమ్ రకమైతే స్లైడుకు పల్చటి రబ్బరు డయాఫ్రం ఉంటుంది. దాన్ని మెల్లగా సాగదీసి దీపానికి అడ్డంపెట్టి చూడండి. సూదిమొనంత చిల్లు పడినా స్లైడు పూర్తిగా లేవదు, బండి సగం వేగం దగ్గరే మొరాయిస్తుంది.

తర్వాత జెట్లు. అడుగున పెట్రోలు నిలిచే బౌల్ విప్పి మెయిన్ జెట్, పైలట్ జెట్ బయటికి తీయాలి. వాటి మీద నంబరు ఉంటుంది. దాన్ని పుస్తకంలో రాసుకోండి. ఆకాశం వైపు పెట్టి రంధ్రంలోంచి చూడండి. గుండ్రంగా, అంచు పదునుగా ఉండాలి. ఎవరో తీగ గుచ్చి శుభ్రం చేసుంటే లోపల గీతలు పడి రంధ్రం పెద్దదై ఉంటుంది, పైన నంబరు మాత్రం పాతదే చెబుతుంది. రేసు బండికి ఇంతకన్నా ప్రమాదకరమైన అబద్ధం ఇంకోటి లేదు. అందుకే జెట్లు, జెట్ నీడిల్, అది దూరే గొట్టం కొత్తవే వేసుకోవాలి. నీడిల్ రోజూ ఆడి ఆడి గొట్టాన్ని కోలగా అరగదీస్తుంది, అది కంటికి కనిపించదు. కొంటే రెండూ జతగా కొనండి.

ఫ్లోట్ నీడిల్ మొన మీద గుండ్రటి గాటు పడి ఉంటే పెట్రోలు ఓవర్‌ఫ్లో అవుతుంది. చవకే, మార్చేయండి. ఇంజిన్‌కు బిగించే ఫ్లాంజ్‌ను అద్దం మీద పెట్టి ఊపి చూడండి. బోల్టులు ఎక్కువ బిగించిన చోట వంగి ఉంటే అద్దం మీద ఊగుతుంది. కొద్దిపాటి వంపైతే అద్దానికి ఎమరీ కాగితం అంటించి రుద్దితే సరవుతుంది. ఎయిర్ స్క్రూ మొన లోపల విరిగి ఇరుక్కున్నది, బౌల్ మరలు పోయినది, బాడీ లోపల తెల్లటి పొడి పేరుకుపోయి రంధ్రాలు పూడినది ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు.

కొత్తవిలా తళతళలాడుతూ పెద్ద పేరు ముద్రతో చవగ్గా అమ్మే నకిలీలు కూడా ఉన్నాయి. పేరున్న కంపెనీ పాతది అరిగినా ఏం అరిగిందో తెలుస్తుంది, కిట్టు దొరుకుతుంది. నకిలీదానికి జెట్ల మరలే కలవవు చాలాసార్లు.

పెద్దది పెడితే ఉరుకుతదా?

షెడ్డుల్లో తరచూ వినిపించే సంభాషణ ఒకటుంది. "అన్నా, నూటయాభై సీసీ ఇంజిన్‌కు ముప్పై నాలుగు ఎంఎం కార్బురేటర్ ఉందా?" "ఎందుకు తమ్మీ, పెద్దది పెడితే ఉరుకుతదనుకుంటున్నవా?" ఉస్తాద్ నవ్వి ఊరుకుంటాడు. ఆయన అనుభవంతో చెప్పినదాన్ని లెక్కతో చూద్దాం.

నూటయాభై సీసీ ఫోర్ స్ట్రోక్ ఇంజిను నిమిషానికి 9,000 సార్లు తిరిగితే 4,500 సార్లు గాలి పీలుస్తుంది. నిండుగా పీల్చినా అది నిమిషానికి 675 లీటర్లు. 26 మిల్లీమీటర్ల గొంతులో ఆ గాలి సగటున సెకనుకు 21 మీటర్ల వేగంతో పోతుంది. గొంతు 34 మిల్లీమీటర్లైతే 12 మీటర్లకు పడిపోతుంది. కార్బురేటర్ పనిచేసేదే గాలి వేగం మీద. గాలి జోరుగా పోయినచోట ఒత్తిడి తగ్గి, బౌల్‌లోని పెట్రోలు జెట్టులోంచి పైకి లాగబడి తుంపరగా చెదురుతుంది. జోరు తగ్గితే పెట్రోలు చుక్కలు చుక్కలుగా పడి సగం గోడలకే అంటుకుంటుంది. మలుపులో వేగం తగ్గించి మళ్లీ రేస్ ఇచ్చినప్పుడు బండి ఒక్క క్షణం నోరు మూసుకుంటుంది. ఆ క్షణంలోనే వెనకబండి దాటిపోతుంది. ఈ ఇంజిన్‌కు 26, మహా అయితే 28 మిల్లీమీటర్లు చాలు.

కాలేజీ జట్లకు నిబంధన రూపంలోనే ఈ హద్దు ఉంది. 2011లో మొదలైన సుప్రా ఎస్ఏఈ ఇండియా పోటీల్లో పెట్రోలు ఇంజిన్లు పీల్చే గాలంతా 20 మిల్లీమీటర్ల ఇరుకు గొంతులోంచే పోవాలి. దానికి ముందు ఎంత పెద్ద కార్బురేటర్ పెట్టినా ఆ గొంతు దాటి అదనంగా ఏమీ రాదు.

ఆదా చేయకూడని చోటు

అమెరికాలో 24 అవర్స్ ఆఫ్ లెమన్స్ అనే చవక కార్ల రేసు ఉంది. కారు ఖర్చు 500 డాలర్లు దాటకూడదన్నది దాని పేరుమోసిన నియమం. కానీ బ్రేకులు, రోల్ కేజ్, సీటు బెల్టులు, హెల్మెట్ వంటి రక్షణ సామగ్రి ఆ లెక్కలోకి రాదు. దానికి ఎంతైనా పెట్టుకోవచ్చు. చవక రేసు ఎలా నడపాలో తెలిసిన మనుషులు పెట్టిన నియమమది. ప్రతి కాలేజీ జట్టూ తమ బడ్జెట్ కాగితం మొదటి వరుసలో ఇదే రాసుకోవాలని నా విన్నపం.

పాత కార్బురేటర్ ప్రాణం మీదికి తెచ్చే దారులు రెండు. ఒకటి, స్లైడు తెరుచుకుని ఇరుక్కుపోవడం. కార్ట్‌లో కేబుల్ పొడవు, వంపులు ఎక్కువ. బైకులో తేలిగ్గా మూసుకున్న స్లైడు ఇక్కడ బిగుసుకుపోవచ్చు. కాలేజీ జట్ల ఫార్ములా స్టూడెంట్ పోటీల్లో థ్రాటిల్‌కు రెండు రిటర్న్ స్ప్రింగులు ఉండాలనడం అందుకే. ఒకటి తెగినా రెండోది మూయగలగాలి. కార్ట్‌లోనూ పెడల్ దగ్గర ఇంకో స్ప్రింగు వేయండి, చేతికందే చోట కిల్ స్విచ్ పెట్టండి. రెండు, ఓవర్‌ఫ్లో అయిన పెట్రోలు వేడి సైలెన్సర్ మీద పడటం. బౌల్ కింది గొట్టాన్ని సైలెన్సర్‌కు దూరంగా ఓ చిన్న డబ్బాలోకి వదలాలి. ఇంజిన్‌కు బిగించక ముందే కార్బురేటర్‌ను స్టాండుకు కట్టి, బౌల్ నిండా పెట్రోలు పోసి, కింద తెల్లకాగితం పరిచి గంటసేపు వదిలేయండి. కాగితం తడిస్తే ఆ రోజు బండి స్టార్ట్ చేయొద్దు.

అలా కట్టిన బండిని నెక్లెస్ రోడ్డు మీదికి తేవద్దని వేరే చెప్పాలా? చెప్పాలి. రాత్రిళ్లు ఆ రోడ్డు మీద జరిగేది రేసు కాదు, దారిన పోయేవాళ్ల ప్రాణాలతో ఆట.

పెట్రోలు కూడా పాతది కాదు

ఈ కార్బురేటర్లు తయారైన రోజుల్లోని పెట్రోలు ఇప్పుడు బంకుల్లో లేదు. 2025 నాటికి దేశమంతా 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ-20 వచ్చేసింది. ఇథనాల్ మండటానికి తక్కువ గాలి చాలు. అంటే అంతే గాలికి పెట్రోలు ఎక్కువ పంపాలి. పదిహేనేళ్ల నాటి బండికి కంపెనీ ఇచ్చిన జెట్ నంబరు ఇప్పుడు చిన్నదవుతుంది, ఒకటి రెండు నంబర్లు పెంచాల్సి వస్తుంది. పాత రబ్బరు ఓ-రింగులు ఇథనాల్‌కు ఉబ్బిపోతాయి. అది తేమను పీల్చుకుంటుంది గనక పోటీల మధ్య నెలల తరబడి బండి మూలన పెట్టేవాళ్లు బౌల్ ఖాళీ చేసి పెట్టాలి. లేకపోతే ముందు చెప్పిన తెల్లపొడి మీ చేతులారా మీరే పండించుకున్నట్టు.

ఇవన్నీ చదివి నేర్చుకోవచ్చు, కానీ చెయ్యి తిరగదు. బండి శబ్దం విని "పైలట్ జెట్ మూసుకుంది" అని చెప్పగల మనుషులు ఈ గల్లీల్లో ఇంకా ఉన్నారు. వాళ్ల దగ్గర పని నేర్చే పిల్లలు మాత్రం ఇప్పుడు స్కానర్ పట్టుకుంటున్నారు. చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీలు ఈ ఉస్తాద్‌లను సెమిస్టరుకు ఓ రోజైనా వర్క్‌షాప్‌కు పిలవాలి. గౌరవంగా, పారితోషికం ఇచ్చి పిలవాలి. థర్మోడైనమిక్స్ చదివిన పిల్లవాడి ముందు ఆయన ఒక స్లైడు ఊడదీసి చూపిస్తే ఇద్దరికీ లాభమే.

చివరిగా, హైదరాబాద్‌లో సెట్ చేసుకుని చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు బయల్దేరే జట్లకు ఒక హెచ్చరిక. మనం సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉన్నాం. ఇక్కడి గాలి అక్కడికన్నా సుమారు 5 శాతం పలచన. కార్బురేటర్ కొంత తనే సర్దుకుంటుంది గానీ పూర్తిగా సర్దుకోదు. ఇక్కడ సరిగ్గా కుదిరిన జెట్టు అక్కడి చిక్కటి గాలికి చాలదు, పొద్దుటి చల్లదనంలో మరీ చాలదు. ఇప్పుడున్న నంబరుతో పాటు పైవి రెండు, కిందిది ఒకటి జేబులో ఉంచుకోండి. ప్రాక్టీసులో అన్నిటికన్నా పెద్దది వేసి మొదలుపెట్టండి. ఫుల్ రేస్ మీద సూటి రోడ్డు చివరిదాకా పోనిచ్చి, క్లచ్ పట్టి ఇంజిన్ ఆపి, స్పార్క్ ప్లగ్ ఊడదీయండి. మసిబారి ఉంటే ఒక నంబరు దించండి, లేత గోధుమరంగు వచ్చేదాకా ఒక్కొక్కటిగానే దించండి. తెల్లగా కనిపించిందంటే మాత్రం ఇంకో రౌండు వెయ్యకుండా అక్కడికక్కడే పెద్ద జెట్టు మార్చేయాలి. పెట్రోలు ఎక్కువైతే నల్లపొగ వస్తుంది, ఓ రౌండు పోతుంది. తక్కువైతే పిస్టన్‌కే చిల్లు పడుతుంది.